రూపకల్పన విద్యార్థినులు మన యిండ్లకేల వత్తురు?

కాగితములును కెమేరాయును చేతబట్టి కళాశాల బాలికయొకతె మీ గడపలో నిలిచి, "అమ్మా, రెండు దినములు మీ యింటిపని చూడనిత్తురా?" అని యడిగినచో విస్తుపోకుడు. ఆమె బి.డెస్. అను రూపకల్పన విద్యలో కడపటి సంవత్సరము చదువుచుండవచ్చును. ఈ విద్య నాలుగేండ్లది. తుదిని ప్రతి విద్యార్థియు నొక వస్తువునో, పుస్తకమునో, సేవాపద్ధతినో స్వయముగా రూపొందించి పరీక్షకుల యెదుట నిలువవలయును. బొమ్మ చక్కగా గీసినంత మాత్రమున చాలదు. ఇది యెవరికి కావలసినది, ఆ సంగతి నీకెట్లు తెలిసినదని వారడుగుదురు.

మన దేశమున నీ విద్యకు పునాది వేసినవారు మన చెంబును మెచ్చుకొనిరనిన మీకు నవ్వు రావచ్చును. 1958లో భారత ప్రభుత్వము పిలువగా చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు వచ్చి, దేశము తిరిగి, యొక నివేదిక వ్రాసిరి. తాము చూచిన వస్తువులలో చెంబునకే వారు పెద్దపీట వేసిరి. ఇట్టిదానిని నేడు క్రొత్తగా చేయవలసివచ్చినచో నెంత నీరు పట్టవలయును? దానినెత్తు చేయి యెంతటిది? మోయుట నెత్తిననా, చంకనా? వేడినీరున్న చేయి కాలునా? రాతిపై దించినపుడు చప్పుడెట్లుండును? ఇట్టి ప్రశ్నలు వారు వరుసగా వేసిరి. 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ యీ నివేదిక ననుసరించియే వెలసినది. అట్టి సంస్థ యిపుడు ఆంధ్రప్రదేశమునను గలదు.

అయినను నేటి విద్యార్థులలో కొందరు ప్రశ్నపత్రమొకటి తయారుచేసి, ఫోనులో స్నేహితులకు పంపి, వచ్చిన జవాబులను లెక్కించి, పరిశోధన ముగిసినదందురు. తమ యీడువారినే యడిగి ముసలివారి కష్టమును తెలిసికొంటిమనుట మాకు వింతగా తోచును.

మాకు తెలిసిన బాలికయొకతె వృద్ధులకు మందులపెట్టె చేయబూని మా యింటికి వచ్చినది. "మామ్మగారూ, మందులు వేళకు వేసికొనుచున్నారా?" అని మా అత్తగారిని అడిగినది. "ఎన్నడును తప్పలే" దని ఆమె చెప్పిరి. మేమును అట్లే నమ్మియుంటిమి. పిల్ల యంతటితో పోక మూడు దినములు ఆమె చెంత కూర్చుండి, పప్పు నేరుచు, కబుర్లు వినుచు, అన్నియు వ్రాసికొన్నది. అత్తగారు అక్షరములు కనబడక మాత్రలను రంగునుబట్టి గుర్తించుచున్నారు. ఆ నెల అంగడివాడు అదే మందును వేరొక కంపెనీది ఇచ్చెను. తెల్లని మాత్రకు మారుగా గులాబిరంగుది వచ్చినది. ఇది తనది కాదేమోయని ఆమె దానిని అట్టతోడనే దిండుక్రింద దాచిరి. అది మధుమేహమునకు రాత్రివేళ వేసికొనవలసిన మాత్ర. ఒకే యింట నుండియు మేము కనుగొనలేదు. సిగ్గుపడితిమి.

అత్తగారు అబద్ధమాడలేదు. చెప్పునదియు చేయునదియు వేరగుట అందరియందు నున్నదే. అందుచేతనే యీ శాస్త్రమున ప్రశ్న కంటె పరిశీలనకు గౌరవ మెక్కువ. దీనికొరకు దేహమునే మార్చుకొన్న యువతి కూడ గలదు. పట్రీషియా మూర్ అను అమెరికా రూపకర్త తన యిరువదియారవ యేట ముదుసలి వేషము దాల్చి, చూపు మసకబారు అద్దములు పెట్టి, చెవులు మూసి, కీళ్లకు కట్లు కట్టుకొని, 1979 నుండి 1982 వరకు నూటికి పైగా పట్టణములలో తిరిగెను. తలుపులు తెరచుట, బస్సెక్కుట యెంత కష్టమో ఆమె యట్లు నేర్చుకొనెను. వేషము వేసినవారికి సాయంకాలము దానిని విప్పుకొను వీలు గలదు, ముసలివారికి లేదు. కావున మూడు దినములు కూర్చుండుటయే మాకు నచ్చిన మార్గము.

ఒక్క మాట మాత్రము హెచ్చరింపవలసియున్నది. ఛాయాచిత్రము తీయుటకు ముందు అనుమతి యడుగుట విద్యార్థి ధర్మము, వలదనుట మన హక్కు. అత్తగారు ముఖము వలదనిరి. పిల్ల చేతులను మాత్రమే తీసికొన్నది. మన మాటలనుండి యేమి తయారైనదని పిమ్మట అడుగుటకును మొగమాట పడనక్కరలేదు.

తరువాత ఆమె అట్టముక్కలతో నమూనాలు చేసి తెచ్చినది. మొదటిదాని మూత అత్తగారి వ్రేళ్లకు రాలేదు. రెండవది తెరువగనే మాత్రలన్నియు నేల పాలైనవి. మూడవదానిలో అరలకు రంగులు మాని, సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, పాత అట్టముక్కను క్రొత్తదాని ప్రక్క నుంచి మందు పేరు పోల్చుకొనుటకు చిన్న భూతద్దము నమర్చినది. అది నిలిచినది. రెండవది కూడ వ్యర్థము కాలేదు. అత్తగారు దానిలో వక్కపొడి పోసికొనుచున్నారు. ఆ సంగతియు పిల్ల తన నివేదికలో వ్రాసికొన్నది.