ఆటలో వినిపించిన పేర్లు

కంప్యూటర్ ఆటలంటే మనకు కాలక్షేపమే. అలాంటి ఆటలోనే యుద్ధాన్ని ప్రశ్నించిన ఒక అధ్యాపకుని గురించి చెప్పదలచుకున్నాం.

యువకులను సైన్యం వైపు ఆకర్షించడానికి అమెరికా సైన్యం 2002లో ‘అమెరికాస్ ఆర్మీ’ అనే ఆటను ఉచితంగా విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో ఎందరో కలిసి ఆడిన ఈ ఆటలో చచ్చినవాడు, మళ్లీ ఆట మొదలవగానే లేచి వచ్చేవాడు. నెవాడా విశ్వవిద్యాలయంలో అప్పట్లో కళను బోధిస్తున్న జోసెఫ్ డెలాప్ 2006 మార్చిలో అందులో చేరారు. తుపాకీ కింద పడేసి, ఇరాక్‌లో నిజంగా మరణించిన అమెరికా సైనికుల పేరు, వయసు, మరణించిన తేదీ వరుసగా టైపు చేశారు. ఆడేవారి తెరలపై అవి కనిపించేవి. కొందరు తిట్టారు, కాల్చారు, ఆట నుంచి గెంటేశారు. అయినా ఆయన మానలేదు. 2011 డిసెంబరు నాటికి 4,484 పేర్లు పూర్తిచేశారు.

2008లో ఆయన న్యూయార్క్‌లో ట్రెడ్‌మిల్‌పై నడుస్తూ, ‘సెకండ్ లైఫ్’ అనే కంప్యూటర్ లోకంలో గాంధీజీ బొమ్మను 240 మైళ్లు నడిపించారు. 1930లో దండి యాత్ర సాగిన దూరం అదే. ఆయన అడుగు వేస్తేనే బొమ్మ కదిలేది.

కంప్యూటర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని పెద్దలంటారు. నిజమే. అన్యాయాన్ని నిలదీయడానికి కూడా అది పనికొస్తుందని మనం మరచిపోకూడదు.