వార్తల్లో పదం: నీట్ యువత

చదువులోనూ ఉపాధిలోనూ వృత్తిశిక్షణలోనూ లేని యువతను సూచించే ‘నీట్’ అనే పదం 1999లో బ్రిటన్ ప్రభుత్వ నివేదిక ద్వారా ప్రచారంలోకి వచ్చి, నేడు ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 8.6.1 సూచికగా స్థిరపడింది. 15-24 ఏళ్లవారికి వర్తించే ఈ సూచిక నిరుద్యోగిత రేటుకు భిన్నమైనది. పని వెతుకుతున్నవారినే నిరుద్యోగులుగా పరిగణిస్తారు కనుక, చదువు ఆపి ఇంటిపనికే పరిమితమైన యువతి ఆ రేటులో కనిపించకపోయినా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకారం 2023లో ప్రపంచ యువతలో 20.4 శాతం ఈ కోవలో ఉండగా, వారిలో మూడింట రెండు వంతులు మహిళలే. హైదరాబాద్ తూర్పున చర్లపల్లి, నాచారం వంటి పారిశ్రామికవాడల్లో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద పని నేర్చుకునే ఐటీఐ విద్యార్థి శిక్షణ పొందుతున్నవాడే కాబట్టి ‘నీట్’ కాడు. అదే కర్మాగారం పక్కన ఉంటూ పదో తరగతితో చదువు ఆపి, ఏ పనిలోనూ చేరని అతని ఈడువాడు మాత్రం అందులోకి వస్తాడు.