పసుపు మనదే అయినా రుజువు కావలసి వచ్చింది

గాయానికి పసుపు అద్దడం తెలుగు ఇళ్లలో తరతరాల వాడుక. అయినా గాయాలు మాన్పే ఆ గుణంపైనే 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ మంజూరయింది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సిఎస్ఐఆర్) అభ్యంతరం తెలిపి, ప్రాచీన గ్రంథాలను, పాత వైద్య పత్రికలను సాక్ష్యంగా చూపడంతో 1997లో అది రద్దయింది.

ఇటువంటి వివాదాల నివారణకు 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయ రూపకల్పన మొదలైంది. ఆయుర్వేద, సిద్ధ, యునాని గ్రంథాలలోని ఔషధ యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలో విదేశీ పేటెంట్ పరిశీలకులకు అందుబాటులోకి తెచ్చారు.

అయితే గ్రంథస్థం కాని విజ్ఞానానికి ఈ రక్షణ చాలదు. నల్లమల చెంచుల మూలికా వైద్యం ప్రధానంగా నోటిమాటగానే సంక్రమిస్తూ వచ్చింది. అటువంటి పరిజ్ఞానాన్ని గ్రామస్థాయిలో నమోదు చేయడానికి 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఏర్పడ్డాయి. పసుపుకు గ్రంథాలు సాక్ష్యం పలికాయి; అడవి మూలికలకు సాక్ష్యం పలకవలసినవి ఆ రిజిస్టర్లే.