వృద్ధుడెవరు?

‘వృద్ధ’ శబ్దానికి మూలం వృధ్ ధాతువు. పెరుగుట అని దాని అర్థం. వృద్ధి, వృద్ధుడు ఏకోదరులు. ‘జర’, ‘జీర్ణం’ అనే మాటలు మరొక ధాతువు నుండి వచ్చినవి. వాటిలో అరిగిపోవుట అనే భావం ఉన్నది. ఒకే మనిషిని ఒక మాట పెరిగినవాడుగా చూస్తుంది, మరొక మాట అరిగినవాడుగా చూస్తుంది. జ్ఞానవృద్ధుడు, తపోవృద్ధుడు, వయోవృద్ధుడు అని పూర్వులు విశేషణాలు చేర్చి చెప్పవలసివచ్చినదంటే, వృద్ధత్వానికి ఏండ్ల లెక్క ఒక్కటే ప్రమాణం కాదని వారు ఎరుగుదురన్నమాట. మన కథకులు మాత్రం ‘ఒక ముసలివాడు వచ్చాడు’ అని వ్రాసి ముందుకు సాగిపోతారు. ఎవరి లెక్కలో ముసలివాడు అన్న ప్రశ్న అక్కడ మరుగున పడుతున్నది.

ఆ ప్రశ్న ప్రత్యక్షంగా ఎదురయ్యే తావులలో సూరత్ నగరం ఒకటి. కరీంనగరం, వరంగల్లు ప్రాంతాల పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదకికొంటూ షోలాపురం, భివండి, బొంబాయి, సూరతులకు వలసపోయిన సంగతి విదితమే. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో వారు స్థిరపడ్డారు. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే ఆ జనసంఖ్యను ఊహించుకొనవచ్చు. మగ్గం ఇంట పుట్టినవారు అక్కడ మరమగ్గాల కార్మికులైనారు.

చేతిమగ్గం ఉన్న ఇంట వయస్సు మెట్లు మెట్లుగా దిగుతుంది. మగ్గపు గుంటలో కూర్చొని నాడె ఆడించలేనివాడు అచ్చులో పోగులు ఎక్కిస్తాడు. అదీ చేతకానప్పుడు కండెలు చుడతాడు. పని తగ్గుతుంది గాని పని బొత్తిగా లేనివాడు కాడు. మరమగ్గాల కార్ఖానాలో ఈ మెట్లు లేవు. అక్కడ ఒక మనిషి పలు మగ్గాల నడుమ తిరుగుతూ పన్నెండు గంటల షిఫ్టు నిలబడాలి. కూలి మీటరు లెక్కన వస్తుంది. పోగు తెగిన క్షణాన కనిపెట్టి ముడివేయాలి. ఆలస్యమైతే బట్ట చెడుతుంది, కూలి తగ్గుతుంది. కనుక అక్కడ వార్ధక్యం మొదట కంటికి వస్తుంది.

దగ్గరి వస్తువు ఆనని ఈ దృష్టిమాంద్యాన్ని తెలుగువారు చత్వారం అన్నారు. నలుబదియవ ఏట వచ్చేది గనుక సంస్కృత సంఖ్యావాచకం నుండి ఆ పేరు కలిగినది. గుజరాతీలో దీనినే ‘బేతాళాం’ అంటారు. మన విక్రమార్కుని బేతాళునితో దానికి చుట్టరికం లేదు. ‘బేతాళీస్’ అంటే నలుబదిరెండు. తెలుగువాని కన్ను గుజరాతీవాని కంటికంటె రెండేండ్లు ముందుగా ముసలిదైనదని చమత్కరించవచ్చు. రెండు భాషలూ అంకెనే పేరుగా పెట్టుకొన్నవన్నది గమనింపదగినది. గుమాస్తాకు చత్వారం వస్తే కళ్లజోడు వస్తుంది, అంతటితో సరి. మీటరు కూలివానికి అది సంపాదన తగ్గుదలకు తొలి గుర్తు. తోటివారు అతనిని ముసలివాడని పిలువకముందే కూలి లెక్క ఆ మాట అనివేస్తుంది.

ప్రభుత్వ లెక్క వేరు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం అరువది ఏండ్లు నిండిన భారతీయ పౌరుని వయోవృద్ధుడన్నది. తెలంగాణలో 2014లో ఆరంభమైన ఆసరా పథకం వృద్ధులకు 65 ఏండ్లు నియమంగా పెట్టి, 2021లో దానిని 57కు తగ్గించినది. నేతపనివారికి, కల్లుగీతవారికి మాత్రం 50 ఏండ్లకే పింఛను అన్నది. నేతగాని శరీరం ముందుగా అలసిపోతుందని రాజ్యం ఒప్పుకొన్న అరుదైన సందర్భమిది. అయితే ఆ ఒప్పుకోలు రాష్ట్రపు పొలిమేర దాటదు. సిరిసిల్లలో ఉండిపోయిన అన్న ఏబదింటికే వృద్ధాప్యపు హక్కు పొందగా, సూరత్‌కు వెళ్లిన తమ్ముడు ఆ వయస్సులో ఇంకా ‘పనిచేయగలవాడే’. వంశం ఒకటి, వృత్తి ఒకటి, నడుమున నొప్పి ఒకటి. వయస్సు మాత్రం రెండు.

అరువది అన్న అంకెకు మన దేశంలో ఒక ప్రత్యేక గౌరవం ఉన్నది. ప్రభవాది అక్షయాంతంగా అరువది సంవత్సరాలు గడచి, పుట్టిన సంవత్సరం పేరు మరల వస్తుంది. 1927లో ప్రభవలో పుట్టినవానికి 1987లో ప్రభవ తిరిగివచ్చినది. షష్టిపూర్తి నాడు దంపతులకు మరల పెండ్లి చేయడంలో మొదటికి వచ్చుట అనే భావమే గాని ముగింపు అనే భావం లేదు. గుజరాతీ సామెత ఇందుకు భిన్నం: ‘సాఠే బుద్ధి నాఠీ’, అనగా అరువదింట బుద్ధి పారిపోయినది. ఆ అభిప్రాయానికి అనుభవం కంటె అంత్యప్రాసయే ఎక్కువ కారణం కావచ్చు.

పాశ్చాత్యుల అంకెలకూ ప్రకృతి నియమం ఆధారం కాదు. 1889లో జర్మనీ వృద్ధాప్య భృతికి 70 ఏండ్లు పెట్టి, 1916లో 65కు దించినది. బ్రిటన్ 1908లో 70 అన్నది. 1982లో వియన్నాలో జరిగిన ప్రపంచసభ 60ని గ్రహించినది. మన తెలుగునాటనే 1983లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 58 నుండి 55కు ఒక్క ఉత్తర్వుతో తగ్గినది; నిన్నటి ఉద్యోగులు నేటికి విశ్రాంతులైనారు. ఆ రాత్రి వారిలో ఏ ఒక్కని వెంట్రుకా అదనంగా నెరసి ఉండదు. గడచిన ఏండ్లు కాక మిగిలిన ఏండ్లు లెక్కించాలని శాండర్సన్, షెర్బోవ్ అనే జనసంఖ్యా శాస్త్రజ్ఞులు 2005 నుండి వాదిస్తున్నారు. సగటున మరి పదిహేనేండ్ల ఆయువు మిగిలిననాడు వార్ధక్యం మొదలని వారి కొలత. ఆ ప్రకారం ఆయుర్దాయం పెరిగేకొద్దీ వార్ధక్యం వెనుకకు జరుగుతుంది. ఈ కొలత సగటులకు చక్కగా సరిపోతుంది. మరమగ్గం ముందు నిలిచిన ఒక మనిషికి ఎంత మిగిలినదో అది చెప్పజాలదు.

అసలు చాలామందికి తమ వయస్సే తెలియదు. జనాభా లెక్కలవారు అడిగితే ఏబది అనో అరువది అనో చెబుతారు గాని ఏబదియేడు అనరు. సున్నతోను అయిదుతోను ముగిసే వయస్సులు జాబితాలలో కుప్పలుగా పడుట గణకులకు చిరపరిచితం. ఆ తరంవారికి కాలం సంఘటనలతో నడచినది. తెలంగాణ నుండి వచ్చినవారు 1948 పోలీసు చర్యను గుర్తుగా పెట్టుకొన్నారు. సూరత్‌లో 1968 తాపీనది వరద, 1994 ప్లేగు, 2006 వరద అట్టి మైలురాళ్లు. ప్లేగునాటికి మీసం వచ్చినదని చెప్పేవానిని కార్యాలయం పుట్టినతేదీ అడుగుతుంది. బడిలో చేర్చుకొన్న పంతులు వేసిన తేదీయే చివరకు అతని వార్ధక్యాన్ని నిర్ణయిస్తుంది.

భాషాంతరీకరణ చేసేవారికి ఇక్కడ మరొక చిక్కు. గుజరాతీలో ‘డోసో’ అన్నది మోటుమాట; ‘వడీల్’ అన్నది గౌరవవాచకం. ‘వడీల్’ను ‘వృద్ధుడు’ అని అనువదించడం పొరపాటు, ‘పెద్దలు’ అన్నదే సరి. మన ‘పెద్ద’కు తల నెరయనక్కరలేదు, తండ్రి పోయిన ఇంట ముప్పది ఏండ్ల కొడుకు పెద్ద. స్త్రీ విషయంలో మనుమలే పంచాంగం. చిన్ననాటనే పెండ్లియైన ఆమె నలుబదింటికే అమ్మమ్మ అవుతుంది. అప్పటినుండి వాడంతా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆమె మాత్రం వీవర్ల వాడలో చీరలకు పూసలు కుట్టుతూ ఇల్లు నడుపుతూనే ఉంటుంది.

సూరత్ కవి నర్మద్ ఉదాహరణ రచయితలకు ఆసక్తి కలిగించవచ్చు. 1833లో పుట్టిన ఆయన తన ఆత్మకథను 1866లోనే వ్రాసినాడు. వృద్ధులు వ్రాయదగినదని లోకం భావించే ప్రక్రియను ముప్పదిమూడేండ్లవాడు చేపట్టినాడు. తన మహానిఘంటువు ‘నర్మకోశ’ను 1873లో, సరిగా చత్వారపు వయస్సున, ముగించినాడు. ఉద్యోగం చేయనని పట్టిన దీక్షను 1882లో విడిచినాడు. సంస్కర్తగా పేరొందినవాడు చివరి దినాలలో సంప్రదాయం వైపు మొగ్గినాడు. 1886లో మరణించేనాటికి ఆయనకు ఏబదిరెండేండ్లే. అయినను విమర్శకులు ఆ తుది దశను ఒక ముదుసలి పరివర్తనగా చదువుతున్నారు. అభిప్రాయం మారినవానిని ముసలివానిగా లెక్కించడం సాహిత్యలోకపు సొంత అలవాటు.

గుజరాత్ ప్రభుత్వపు నిరాధార వృద్ధుల పింఛను నియమాలలో ఒకటి పరిశీలింపదగినది. అరువది నిండుట చాలదు. ఇరువదియొక్క ఏండ్లు దాటిన కొడుకు ఉండరాదు. ఆ కొడుకు అదే పేటలో మీటరు కూలికి పనిచేస్తూ, తన పిల్లలనే పోషించలేకపోతున్నా, కాగితం మీద తండ్రి ఆధారం గలవాడు. కొడుకు లేని పొరుగువాడు పింఛనుకు అర్హుడౌతాడు. అదే ఏడు పుట్టిన ఈ తండ్రి తిరిగి కార్ఖానా గుమ్మం దగ్గర కాపలా పని అడుగబోతాడు.