బొమ్మ విమానముల రెక్కల క్రింద



యుద్ధవిమానమునకు చిన్నరూపు చేసి, రంగులు వేసి, పీటపై నిలిపి చూచుకొను వేడుక యొకటి లోకములో కలదు. ఇంగ్లండు, అమెరికా, జపాను మొదలగు దేశములలో ఇందులకై పెట్టెలు తయారుచేసి అమ్ముదురు. పెట్టెలో ప్లాస్టికు ముక్కలుండును. వానిని గీకి, అతికి, జిగురుతో అంటించి విమానము చేయవలెను. చేయువారిలో పిల్లలతోపాటు తల నెరసినవారును కలరు. మన దేశములోను ఉన్నారు. ఇది బొమ్మలాటయే గదా, పెద్దలముందు చెప్పవలసినంత యేమున్నదని మీరు అడుగవచ్చును. బొమ్మను గూర్చి కాదు, ఆ బొమ్మ రెక్కల క్రింద వ్రేలాడు బరువును గూర్చి నేను చెప్పదలచినది.

విష్ణువిగ్రహములను పరికించి చూచుట యెరిగినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. నాలుగు చేతులు; శంఖము, చక్రము, గద, పద్మము. ఏది ఏ చేతిలో నున్నదన్న దానినిబట్టి మూర్తి పేరు మారును. నాలుగింటిని నాలుగు చేతులలో మార్చి మార్చి యుంచినచో 24 విధములగును. సంధ్యావందనమున మనము చెప్పుకొను కేశవాది నామములును 24. ముఖము ఒకటే, కిరీటము ఒకటే. చేతిలోని దానిని చూచినగాని కేశవుడో మాధవుడో చెప్పజాలము. శిల్పి చక్రమును గదను తారుమారు చేసినచో విగ్రహము అందముగానే యుండును గాని పేరు తప్పును. యుద్ధవిమానపు నమూనాకును ఇట్టి లక్షణమే కలదు. పొడవు వెడల్పులు అది ఏ జాతి విమానమో చెప్పును. క్రింద తగిలించిన బరువు, అది ఏనాడు, ఎచ్చటికి, ఏ పనిమీద బయలుదేరినదో చెప్పును.

కొలతమాట ముందుగా చెప్పెదను. ఈ నమూనాలలో మిక్కిలి వాడుకలోనున్న కొలత 72వ వంతు. అసలు విమానములో ఆరడుగులు ఇచ్చట ఒక అంగుళము. 1942లో అమెరికా నౌకాదళమువారు తమ దేశపు బడిపిల్లలచేత ఈ కొలతలోనే 5 లక్షల కొయ్య విమానములు చేయించ బూనిరి. ఆకాశమున కనబడునది తమ విమానమో శత్రువు విమానమో గుర్తుపట్టుట సైనికులకు నేర్పుటకై వానిని వాడిరి. 35 అడుగుల దూరమున నిలిపిన నమూనా, దాదాపు అరమైలు దూరమందలి అసలు విమానమువలె కంటికి ఆనును. అచ్చట ఆకారమే ప్రధానము, ఆయుధములతో పనిలేదు.

ఇప్పటి పెట్టెలలో విమానముతోపాటు అది మోయగల ఆయుధములను పలురకములుగా పెట్టి యిత్తురు. ఇచ్చినవన్నియు తగిలింపవలెనన్న ఆశ సహజము. విమానములు కట్టు కర్మాగారములవారును ప్రదర్శనములలో తమ విమానమును నిలిపి, అది మోయగల సమస్తమును దానిముందు నేలపై వరుసలుగా పరచి ఫొటోలు తీయింతురు. అది అంగడివాడు దుకాణముముందు సరకు పరచుటవంటిది; ఒక్క బేరగాడు మూటగట్టుకొని పోవునది కాదు.

బండి కట్టు రైతునకు ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు. పది బస్తాలు మోయు బండియే యైనను, సంత దూరమైనచో ఎడ్లకు దారిలో గడ్డి కావలెను, చిట్టు కావలెను. ఆ మేరకు బస్తాలు తగ్గింపక తప్పదు. విమానమునకు ఇంధనమే గడ్డి. దూరము పోవలెనన్నచో అదనపు ట్యాంకులు తగిలింపవలెను. ట్యాంకు వ్రేలాడుచోట బాంబు వ్రేలాడదు. కావడి న్యాయము మరియొకటి. కుడిరెక్కన ఎంత బరువో ఎడమరెక్కనను ఇంచుమించుగా అంతయే యుండవలెను. కొద్ది తేడాను విమానము ఓర్చుకొనును. పెద్ద తేడా అయినచో ఒరిగిపోవును. ఒక్కొక్క కొక్కెమునకు ఇంతవరకే బరువని హద్దున్నది. బాంబునకును నేలకును నడుమ సందు కావలెను. చక్రములు ముడుచుకొనునప్పుడు ఏదియు వానికి తగులరాదు. బల్లమీది నమూనాకు ఈ బాధలేవియు లేవు. జిగురున్న చాలును, ఏదైనను ఎచ్చటనైనను అంటుకొనును. తప్పులు చాలవరకు అచ్చటనే పుట్టుచున్నవి.

మన దేశపు చరిత్రలోనిదే ఒక ఉదాహరణము చూతము. మిగ్-21 అను విమానము సోవియట్ రష్యాలో పుట్టినది. మన వైమానికదళమునందు 1963లో చేరి, 2025 సెప్టెంబరు 26వ తేదీన సెలవు పుచ్చుకొన్నది. దీనిని మన దేశములోనే నాసిక్‌లో కూర్చిరి. ఇంజను ఒడిశాలోని కోరాపుట్‌లోను, ఎలక్ట్రానిక్ పరికరములు హైదరాబాదులోను తయారైనవి. అరువదేండ్లకు మించిన ఆ సేవలో దాని రూపు పలుమారులు మారినది. 1971 యుద్ధములో పాల్గొన్నది ‘ఎఫ్‌ఎల్’ అను రకము. దానికి ఒక్కొక్క రెక్కక్రింద ఒక్కొక్క కొక్కెము, పొట్టక్రింద ఒకటి, వెరసి మూడు. తరువాత వచ్చిన రకములకు రెక్కలక్రింద రెండేసి కలవు. కావున 1971 నాటి గుర్తులు వేసి, రెక్కలక్రింద నాలుగు కొక్కెములు పెట్టిన నమూనా కనబడినచో, మనుమడు తాత పెండ్లికి పోయివచ్చినట్లే యగును.

ఈ ఎఫ్‌ఎల్ రకమునకు లోపల ఫిరంగి లేదు. కావలసినప్పుడు 23 మిల్లీమీటర్ల జంటగొట్టముల ఫిరంగిని ఒక పెట్టెలో అమర్చి పొట్టక్రింద తగిలించువారు. అదనపు ఇంధనపు ట్యాంకునకు చోటును అదియే. ఫిరంగి కావలెనా, దూరము పోవలెనా అన్న విచారణ ప్రతి ప్రయాణమునకును ఉండెడిది. నమూనా చేయువాడును అదే విచారణ చేసికొనవలసియున్నది.

ఆ సంవత్సరము డిసెంబరు మొదటి వారములో ఈ విమానములు ఢాకా నగరమందలి తేజ్‌గావ్ విమానాశ్రయముపైకి 500 కిలోగ్రాముల బాంబులను మోసికొనిపోయినవి. రెక్కకొక బాంబు. శత్రువిమానములు లేవకుండునట్లు రన్‌వేకు గోతులు పడవలెను. గట్టినేలను పగులగొట్టుటకు పెద్ద బాంబే కావలెను. తరువాత డిసెంబరు 14న నాలుగు మిగ్-21 విమానములు గౌహతినుండి లేచి మరల అదే ఢాకాకు పోయినవి. ఈమారు పని వేరు. గవర్నరు భవనములో ముఖ్యాధికారుల సమావేశము జరుగనున్నదని మనవారికి తెలిసినది. నడిపించిన వింగ్ కమాండరు బిష్ణోయ్ చేతిలో నున్నది యాత్రికుల కొరకు అచ్చువేసిన ఢాకా పటము. ఊరినడుమ ఒక్క భవనము. చుట్టును జనము కాపురమున్న ఇండ్లు. ఈ పనికి రెక్కలక్రింద తగిలించినవి బాంబులు కావు, రాకెట్ల గొట్టములు. ఒక్కొక్క గొట్టములో 57 మిల్లీమీటర్ల రాకెట్లు 16. అవి ఆ భవనములో పడినవి. గవర్నరు మాలిక్ ఆ దినముననే రాజీనామా వ్రాసియిచ్చెను. 16వ తేదీన ఢాకాలోని పాకిస్తాను సేన లొంగిపోయినది.

చూడుడు, విమానము ఒకటే, ఊరు ఒకటే, నడుమ గడచినది పది దినములకన్న తక్కువ. బాంబులు తగిలించిన నమూనా విమానాశ్రయపు కథ చెప్పును. రాకెట్ల గొట్టములు తగిలించినది గవర్నరు భవనపు కథ చెప్పును. 72వ వంతు కొలతలో ఈ విమానపు రెక్కల వెడల్పు 10 సెంటీమీటర్లు మాత్రమే. రాకెట్ల గొట్టపు మూతికి 16 రంధ్రములు పెట్టవలెను. ఒక్కొక్క రంధ్రము మిల్లీమీటరుకన్న సన్నము. భూతద్దము కంటికి తగిలించుకొని, సూదిమొనతో ఆ 16 రంధ్రములు గ్రుచ్చువారు కలరు. ఆ ఓపికను నేను మెచ్చుకొందును. కాని 16 రంధ్రములు ముచ్చటగా గ్రుచ్చి, క్రింది పలకపై తేజ్‌గావ్ అని వ్రాసినవాని శ్రమ యంతయు వ్యర్థమే.

రంగులును పలుకును. నేటి అమెరికా, యూరపు సేనల యాచారములో బాంబుమీది పసుపుపట్టీ అందు ప్రేలుడుమందు నిండియున్నదని చెప్పును. నీలిరంగు బాంబు అభ్యాసమునకు వాడునది. నీలి బాంబులు తగిలించి యుద్ధమునకు పోవుచున్నట్లు చూపినచో, కట్టెకత్తితో రణమునకు పోయినట్లే. నేలపై నిలిచియున్న విమానపు ఆయుధములకు రక్షణసూదులు గ్రుచ్చి, వానికి ఎర్రని గుడ్డపేలికలు కట్టుదురు. ఎగురుటకు ముందు సేవకులు వానిని తీసివైతురు. కావున చక్రములు ముడిచి ఆకాశమున నున్నట్లు నిలిపిన నమూనాకు ఎర్రపేలికలుండరాదు.

ఇంతవరకు బయటికి కనబడు ఆయుధములను చెప్పితిని. బాంబులను పొట్టలో దాచుకొను విమానములు కలవు. వానిలో ఇంగ్లండువారి లాంకాస్టరు పేరుపడినది. రెండవ ప్రపంచయుద్ధములో రాత్రివేళల జర్మనీ నగరములపైకి పోయినది ఇది. రెక్కల వెడల్పు 102 అడుగులు. నమూనాలో సరిగా 17 అంగుళములు. పొట్టలోని బాంబుల గది పొడవు 33 అడుగులు. నమూనా చేయువారు ఆ గది తలుపులు తెరచి లోపలి బాంబులను చూపుటకు ఇష్టపడుదురు.

ఇందరికిని ప్రియమైనది ఒక్క రాత్రి. 1943 మే 16వ తేదీ రాత్రి 19 లాంకాస్టరులు జర్మనీలోని నదుల ఆనకట్టలపైకి పోయినవి. పిల్లలు చెరువునీటిపై పెంకు విసిరి కప్పగంతులు వేయింతురు గదా. అట్లే నీటిపై గంతులువేయుచు పోయి, ఆనకట్టగోడకు తగిలి, మునిగి, నీటి అడుగున ప్రేలు బాంబు నొకదానిని వారు మోసిరి. 60 అడుగుల ఎత్తునుండి దానిని విడువవలెను. విడుచుటకు ముందే నిమిషమునకు 500 చుట్లు వెనుకకు తిరుగుచుండవలెను. దానికొరకు గది తలుపులు తీసివేసిరి. వీపుమీది తుపాకిగూడును తొలగించిరి. మోనే, ఎడర్ అను రెండు ఆనకట్టలు తెగినవి. 8 విమానములు తిరిగిరాలేదు. 53 మంది వైమానికులు చనిపోయిరి. వరదలో కొట్టుకొనిపోయినవారు వేయిమందికి పైగా నుండిరి. అందు పెక్కురు జర్మనులు కారు. వెట్టిచాకిరికి తూర్పుదేశములనుండి పట్టితెచ్చిన స్త్రీలు, బందీలు.

ఈ కథను 1955లో సినిమాగా తీసిరి. అప్పటికి ఆ బాంబు అసలు ఆకారము ప్రభుత్వ రహస్యముగనే యున్నది. అందుచే సినిమాలో దానిని ఇంచుమించు బంతివలె గుండ్రముగా చూపిరి. చూచినవారి మనస్సులలో ఆ గుండ్రని రూపమే నిలిచినది. 1960లలో రహస్యము వీడిన పిమ్మట తెలిసినదేమన, అది బంతి కాదు, పీపా. పొడవు సుమారు 5 అడుగులు, అడ్డుకొలత 4 అడుగులకు పైచిల్లర, బరువు 9 వేల పౌనులకు మించినది. నమూనాలో ముప్పాతిక అంగుళముపాటి ముక్క. సినిమా చూచి బంతిని చేసినవారిని తప్పుపట్టుటకు వీలులేదు; రహస్యము వీడిన తరువాతను బంతినే చేయువాడు మాత్రము సినిమాను చేయుచున్నాడు గాని విమానమును కాదు.

సరియైనది తెలిసికొనుటకు మార్గములు లేకపోలేదు. తేదీగల ఫొటో అన్నిటికన్న మేలు. ఇంగ్లండులో ప్రతి స్క్వాడ్రనును దినచర్య పుస్తకము వ్రాసెడిది. ఏ రాత్రి ఏ విమానము ఎచ్చటికి పోయినదో, అనేకముగా ఏ బాంబులు మోసినదో కూడ అందు కలదు. లండనునొద్ద క్యూ అను చోటనున్న జాతీయ పత్రశాలలో అవి భద్రముగా నున్నవి.

ఆ పుస్తకములను తిరుగవేసినచో ఆనకట్టల బాంబు కనబడునది ఒక్క రాత్రియందే. నూర్లకొలది రాత్రులలో కనబడు సంభారము వేరు. గది నడుమ 4000 పౌనుల బాంబు ఒకటి. దానికి తోకరెక్కలు లేవు, మొన లేదు. పలుచని రేకుతో చేసిన రెండున్నర అడుగుల అడ్డుకొలత గల నూనెపీపావంటిది. దాని ముందువెనుకల పొడుగాటి పెట్టెలు. వానినిండ నాలుగేసి పౌనుల చిన్న నిప్పుబాంబులు, వందలకొలది. పెద్దది మేడల పైకప్పులను, కిటికీలను ఎగురగొట్టును. తెరపిపడిన ఇండ్లలోనికి చిన్నవి దిగి నిప్పంటించును. గాలి లోపలికి వచ్చుటకు దారి ముందే యేర్పడియుండును. 1943 జూలై చివర హాంబర్గు నగరము ఈ విధముగనే తగులబడి, 30 వేలకు మించిన జనము చనిపోయిరి.

నమూనాల పోటీలలో ఆనకట్టల లాంకాస్టరు ముందు జనము గుమిగూడుదురు. ఈ రెండవ సంభారము చేయుట కష్టము కాదు. నున్నని పీపా ఒకటి, చుట్టును బోసిపోయిన పెట్టెలు, చూపునకు ఆకర్షణ ఏమియు లేదు. అయినను దానినే యెన్నుకొని, పెట్టెల వరుసను ఫొటోతో సరిచూచి చేయువారు కొందరు కలరు. అట్టివారు పీటకు చిన్న పలక తగిలించి, దానిపై విమానపు పేరుతోపాటు ఊరి పేరును, తేదీని కూడ వ్రాయుదురు.