మీకు తెలుసా? ఆటలో వేగం, అక్షరాల్లో మసక

మానిటర్లు వీజీఏ కేబుల్‌తో పనిచేసిన కాలంలో, ఆటలను అతివేగంగా నడిపించే గ్రాఫిక్స్ కార్డు కొన్నవారికి అదే తెర మీద అక్షరాలు మునుపటికంటే మసకగా కనిపించిన సందర్భాలు ఉండేవి.

తెర మీది చుక్కల (పిక్సెళ్ల) విలువను అంకెల నుండి విద్యుత్ సంకేతంగా మార్చే ‘ర్యామ్‌డాక్’ అనే భాగమూ, ఆ సంకేతం రేడియో తరంగాలుగా బయటికి పోకుండా వీజీఏ సాకెట్ దగ్గర అమర్చే ఫిల్టర్లూ, త్రిమితీయ దృశ్యాలను లెక్కగట్టే వేగంతో నిమిత్తం లేనివి కావడమే ఇందుకు కారణం. 1600×1200 చుక్కల తెరను సెకనుకు 85 సార్లు కొత్తగా గీయాలంటే ఆ సంకేతం 229.5 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు దాదాపు 23 కోట్ల చుక్కల లెక్కన సాగవలసి ఉండగా, నాసిరకం ఫిల్టర్ అంతటి వేగాన్ని అందుకోలేక, నల్లని అక్షరపు అంచును పక్కనున్న తెలుపులోకి పాకనిచ్చేది. స్పష్టత కోసం ఆ ఫిల్టర్లలోని బుల్లి కెపాసిటర్లను స్వయంగా ఊడదీసుకున్నవారూ ఉన్నారు. కెనడాకు చెందిన మాట్రాక్స్ సంస్థ 1999లో 360 మెగాహెర్ట్జ్ ర్యామ్‌డాక్‌తో తెచ్చిన జీ400 మ్యాక్స్ కార్డు ప్రధానంగా ఈ స్పష్టతకే పేరుపొందింది. రోజంతా అక్షరాలతో పనిచేసేవారికి అప్పట్లో అది నిజంగా తగిన ఎంపిక. అదే ఏడాది వెలువడిన డీవీఐ ప్రమాణంలో చుక్కల విలువలు అంకెల రూపంలోనే మానిటర్‌ను చేరగలవు గనుక, అక్కడ ఈ తేడా తలెత్తదు.