నేరము, నేరమి

వార్తలు చదువునపుడు మా నోట నిత్యము వెలువడు మాటలలో 'నేరము' ఒకటి. దొంగతనమైనను, దొమ్మియైనను, హత్యయైనను ఈ ఒక్క మాటక్రింద చేరిపోవును. వినిన శ్రోతకు వెంటనే కత్తియో, సంకెలయో మనసున మెదలును. కాని ఈ మాట పుట్టుక చూచినచో అందు కత్తియు లేదు, సంకెలయు లేదు.

'నేర్చు' అను క్రియ మనకు తెలిసినదే. విద్య నేర్చుట దానికి ఒక అర్థము. శక్తి కలిగియుండుట వేరొక అర్థము. పాత తెలుగున 'చేయనేర్చును' అన్న చేయగలడని, 'చేయనేరడు' అన్న చేయలేడని. లేకుండుట 'లేమి' అయినట్లే, నేరకుండుట 'నేరమి' అయినది. నేరమి యనగా నేర్పులేమి, తెలియమి. అందువలన జరిగిన పొరపాటునకును అదే పేరు. 'నేరము' ఆ కుదురునకు చెందిన మాటయే. ఇది నిఘంటువులలో మాత్రమే మిగిలిన సంగతి కాదు. మిట్టమధ్యాహ్నము బస్సెక్కి ఉక్కపోతకు చిక్కిన పెద్దావిడ “నేరకపోయి ఈ వేళప్పుడు బయలుదేరాను నాయనా” అనును. ఆమె తనపై నేరము మోపుకొనుట లేదు. తెలివితక్కువ పని జరిగినదని చెప్పుకొనుచున్నది, అంతే.

దీని తోడి మాటలును ఇట్టివే. 'తప్పు' అన్న దారి తప్పుటయు, గురి తప్పుటయు. సంత త్రోవలో తప్పిపోయిన దూడ ఏ పాపము చేసినది? సంస్కృతమునుండి వచ్చిన 'అపరాధము' కూడ మొదట గురి తప్పుటయే. బాణము గురి తప్పిన విలుకానికి అమరకోశము 'అపరాద్ధపృషత్కుడు' అని పేరు పెట్టినది. గ్రీకులు పాపమునకు వాడిన 'హమార్టియా' సైతము బల్లెము గురి తప్పుటనుండి వచ్చినదే. దూరదేశముల భాషలు ఒకదాని నొకటి అడుగకయే ఒక్క తీరున తలచుట మాకు మిక్కిలి వింతగా తోచును.

చట్టము మాత్రము ఈ వ్యుత్పత్తిని అంగీకరింపదు. చట్టము తెలియదనుట సాకు కాదని 1860 నాటి శిక్షాస్మృతియు, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఒకే తీరున చెప్పును. ఒక్క చోట పాత అర్థము నిలిచినది: ఏడేండ్లు నిండని బిడ్డ చేసినది ఏదియు నేరము కాదు. అది నేరని వయస్సు.

ఇక 'నేరస్థుడు'. అచ్చతెలుగు మాటకు సంస్కృత ప్రత్యయము తగిలించి చేసిన సంకరము. గ్రామమున ఉండువాడు గ్రామస్థుడు, గృహమున ఉండువాడు గృహస్థుడు. ఆ లెక్కన నేరమున కాపురముండువాడు నేరస్థుడు. ఒకనాడు చేసిన పని మనిషికి నివాసమైపోయినది. ఇది వ్యాకరణ విశేషమని నవ్వి ఊరకుందుము గాని, బాపట్ల, చీరాలల నడుమ రైలులో పోవువారికి ఈ మాట ఒక ఊరై కనబడును. అది స్టూవర్టుపురము.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టము 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించినది. దాని ప్రకారము ప్రభుత్వము ఒక జాతిని జాతిగానే నేరస్థజాతి యని ప్రకటింపవచ్చును. ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదు. అట్లు ప్రకటింపబడిన వారిలో ఎరుకలవారు ఉండిరి. గాడిదలపైని, ఎద్దులపైని కోస్తానుండి ఉప్పును లోనాడులకు మోసి, ధాన్యము తెచ్చి, బుట్టలల్లి బ్రతికినవారు వారు. రైళ్లు వచ్చి ఆ వర్తకమును దెబ్బతీసినవి. 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో, హెరాల్డ్ స్టూవర్టు అను ప్రభుత్వోద్యోగి పేర, ఈ సెటిల్‌మెంటు వెలసినది. అందున్నవారు హాజరు పలుకవలెను. అనుమతి చీటీ లేనిదే వెలికి పోరాదు. సోది చెప్పు ఆడువారిని బట్టి, 'ఎరుక' చెప్పువారు గనుక, ఆ జాతికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఎరుక యనగా తెలివిడి. తెలివిడి పేరుగా గలవారికి నేరమిని జాతిలక్షణముగా అంటగట్టిరి!

1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దయినది. విముక్తజాతులను పేరు వచ్చినది. 1970లలో లవణము, హేమలతాలవణము గార్లు అచ్చట సంస్కరణకు పూనుకొనిరి. హేమలతగారు జాషువ కవిగారి కుమార్తె. అయినను మాట వదలలేదు. 1991లోను, 2023లోను వచ్చిన చలనచిత్రములు ఆ ఊరిని దొంగలతోడనే ముడివేసినవి. మా వంటి వార్తలవారికిని ఇందు పాలు లేకపోలేదు: దొంగ పట్టుబడినప్పుడు ఊరి పేరు చెప్పుదుము, పట్టుబడనివారి ఊరు చెప్పము.

2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టున జరిగిన కామన్‌వెల్తు క్రీడలలో, 85 కిలోల తరగతిలో, మొత్తము 338 కిలోలు ఎత్తి స్వర్ణపతకము గెలిచిన రాగాల వెంకట రాహుల్‌ది స్టూవర్టుపురమే. 'ఎత్తనేర్చెను' అను పాత ప్రయోగమునకు మేము ఉదాహరణముగా ఇతని పేరే వ్రాసికొంటిమి.